మిద్దె మీద దయ్యాల సినిమా

ఎనభై ఏళ్ళనాటి దయ్యాల సినిమా ఇప్పుడు చూస్తే భయమేస్తుందా? ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు. నలుపూ తెలుపూ బొమ్మ, కోట్లు తొడుక్కుని టీ తాగుతూ తీరిగ్గా మాట్లాడుకునే దొరలు, ఉలిక్కిపడేట్టు చప్పుళ్ళు లేవు, నెత్తుటి మడుగులు లేవు. దీనికి భయమెందుకండీ అంటారు. నేను మాత్రం వేస్తుందనే అంటాను. కాకపోతే తీసినవాళ్ళు భయాన్ని పెట్టిన చోట ఇప్పుడది ఉండదు, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఎక్కడికి జరిగిందో చెప్పుకుందాం, కూచోండి.

సినిమా పేరు ‘డెడ్ ఆఫ్ నైట్’. 1945లో ఇంగ్లండులో ఈలింగ్ స్టూడియో వాళ్ళు తీశారు. అందులో ఐదు కథలు. ఆ ఐదింటినీ దండలా గుచ్చే ఆరో కథ ఇంకొకటి. దర్శకులు నలుగురు: కావల్కాంటి, క్రైటన్, డియర్డెన్, హేమర్. వాల్టర్ క్రెయిగ్ అని ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆయన ఒక పల్లెటూరి బంగళాకు వస్తాడు. గడప దాటి, లోపల కూచున్నవాళ్ళను చూసి నిలువునా ఆగిపోతాడు. మిమ్మల్నందరినీ నేను కలలో చూశాను, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చూశాను అంటాడు. ఇంకాసేపటికి ఏం జరుగుతుందో కూడా చెబుతాడు. అది జరుగుతుంది. అక్కడే ఉన్న మానసిక వైద్యుడు ఇదంతా భ్రమ అని కొట్టేస్తాడు. మిగతావాళ్ళు ఊరుకోరు. ఒక్కొక్కరూ తమకు జరిగిన వింత ఒకటి చెప్పడం మొదలుపెడతారు.

ఈ కట్టుబడి మనకు కొత్తది కాదు. చందమామ చదివి పెరిగినవాళ్ళకు అసలే కాదు. చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే రాజు బొమ్మ, శంకర్ గారు వేసింది, తలచుకుంటే ఇప్పటికీ కళ్ళముందుకు వస్తుంది. అసలు బేతాళ కథలు ఇరవై ఐదే. చందమామ ఆ పాతికతో ఆగక దశాబ్దాల తరబడి కొత్త కథలు చెప్పిస్తూనే పోయింది. అసలు పాతిక కథలనూ సోమదేవుడు పదకొండో శతాబ్దంలో కథాసరిత్సాగరంలో చేర్చాడు. దానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. శాతవాహన రాజు కొలువులో ఉన్న గుణాఢ్యుడు దాన్ని పైశాచీ భాషలో రాశాడనీ, రాజు కాదంటే అడవికి పోయి, మంట ముందు కూచుని, ఒక్కో ఆకూ చదువుతూ నిప్పులో వేశాడనీ, జింకలూ పులులూ మేతా వేటా మానేసి విన్నాయనీ ఐతిహ్యం. దయ్యాల భాషలో రాసిన కథలు, మంట పక్కన చదివిన కథలు. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

బేతాళ కథల్లో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. భయమంతా బయటి కథలోనే ఉంది: శ్మశానం, చీకటి, భుజం మీద శవం. లోపలి కథలన్నీ న్యాయానికి సంబంధించినవి. ముగ్గురిలో ఎవరు నిజమైన భర్త, చావుకు ఎవరు బాధ్యులు, ఎవరి త్యాగం గొప్పది. చివర ప్రశ్న పడుతుంది. జవాబు తెలిసీ ఊరుకుంటే తల పగిలిపోతుంది. అంటే విన్నవాడికి విని ఊరుకునే హక్కు లేదు. పాత దయ్యాల సినిమా చూడబోయే ఈకాలం వాళ్ళు ఈ షరతు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. తప్పెవరిదో చెప్పాలి.

మొన్న ఎండాకాలంలో అనంతపురం దగ్గరి మా బుక్కరాయసముద్రంలో మిద్దె మీద ఈ సినిమా వేసుకున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు చిన్న ప్రొజెక్టర్ తెచ్చాడు. పిట్టగోడకు తెల్ల పంచె కట్టాం. చేటలో ఉడకబెట్టిన శెనక్కాయలు, ఒక బిందె నీళ్ళు, నాలుగు చాపలు. మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి, ఇంగ్లీషు రాదు. డిగ్రీ చదివే మా కోడలు పక్కన కూచుని ఒక్కో మాటా తెలుగులో చెబుతూ వచ్చింది. పది నిమిషాలకే మా మేనల్లుడికి ఓపిక పోయింది.

“మామా, అందరూ కూచోని మాట్లాడుకుంటాండారు. దయ్యం ఎప్పుడొస్తాది?”

పెద్దమ్మే జవాబిచ్చింది. “వచ్చేసిందిలేరా. ఆ వచ్చినాయనకు ముందే తెల్సంట కదా, ఇంగ దానికంటే దయ్యమేముండాది?”

వాడు ఫోను కింద పెట్టాడు.

మొదటి కథ కారు పందేల వాడిది. ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉంటాడు. ఒక రాత్రి కిటికీ తెర తీస్తే బయట పట్టపగలు. కింద శవాల బండి. తోలేవాడు తల పైకెత్తి లోపల ఇంకొక్కరికే చోటుంది అంటాడు. కొన్నాళ్ళకు బాగై బయటికొచ్చి బస్సెక్కబోతే, కండక్టరు ముఖం అదే, అనే మాటా అదే. వాడు వెనక్కు తగ్గుతాడు. బస్సు పోయి కూలిపోతుంది. అంతే కథ, పది నిమిషాలు కూడా ఉండదు. దీనికి ఆధారమైన కథను ఇ.ఎఫ్. బెన్సన్ అంతకు చాలా ఏళ్ళ ముందే రాశాడు.

మా పెద్దమ్మకు ఇది వెంటనే అందింది. రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదని ఇక్కడ ఇంటింటా చెబుతారు కదా. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పక్కనున్న కర్ణాటకలో అదే మాటను ‘నాళె బా’ అని రాశారు. పిలిచే గొంతును గుర్తుపట్టాలి, గుర్తుపడితే బతుకుతావు. లండన్ బస్సు దగ్గరా, మన గడప దగ్గరా నియమం ఒకటే.

నాకు మాత్రం ఆ కథ చూస్తుంటే మనసు బస్సులో ఉన్నవాళ్ళ మీదికి పోయింది. వాళ్ళకెవరూ ముందు చెప్పలేదే! ఈ సినిమా విడుదలయ్యేనాటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రోజులే అయింది. యుద్ధకాలంలో బ్రిటన్‌లో జడిపించే సినిమాలకు 1942 నుంచి అనుమతే లేదు, జనం అసలే బెదిరి ఉన్నారని. ఆ హాల్లో కూచున్న ప్రతివాళ్ళూ బాంబులు పడ్డ వీధుల్లో నడిచినవాళ్ళే. పక్కింటి మీద పడింది, మన మీద పడలేదు. ఎందుకు? ఆ ‘ఎందుకు’కు జవాబు లేదు. సినిమాలో యుద్ధం ఊసు దాదాపు లేదు, కానీ ఒక్కరికే చోటుంది అనే మాట ఆ జనానికి ఎలా తగిలి ఉంటుందో ఊహించండి. తీసినప్పుడు అది చావు పిలుపు కథ. ఇప్పుడు నాకది బతికిపోయినవాడి కథ.

రెండోది క్రిస్మస్ పండగ నాటి కథ. పెద్ద ఇంట్లో దాగుడుమూతలు ఆడుతూ ఒక అమ్మాయి ఎవరూ రాని గదిలోకి పోతుంది. అక్కడొక పిల్లాడు ఏడుస్తుంటాడు. అక్క నన్ను చంపేస్తుందంటాడు. ఆమె వాణ్ణి ఊరడించి, జోకొట్టి నిద్రపుచ్చి కిందికి వస్తుంది. పిల్లాడు చెప్పిన పేర్లు కల్పించినవి కావు. 1860లో ఇంగ్లండులో నిజంగా ఫ్రాన్సిస్ కెంట్ అనే మూడేళ్ళ బిడ్డను చంపేశారు. ఐదేళ్ళ తర్వాత సవతి అక్క కాన్‌స్టాన్స్ ఒప్పుకుంది. ఈ సంగతి తెలిశాక ఆ కథ మునుపటిలా చూడలేం. దయ్యం అన్న మాటే మరిచిపోయి, ఆ బిడ్డ మీద దుప్పటి కప్పే చేతులనే చూస్తూ ఉండిపోతాం. మా కోడలు తెలుగు చెప్పడం ఆపేసింది అక్కడ. పెద్దమ్మ కూడా ఏమైందని అడగలేదు.

అద్దం కథకు వచ్చేసరికి మిద్దె మీద వాదన మొదలైంది. ఒకామె తనకు కాబోయే భర్తకు పాత అద్దం కానుకగా ఇస్తుంది. అందులో అతనికి తన గది కనిపించదు. వేరే గది, పెద్ద మంచం, నిప్పుగూడు కనిపిస్తాయి. ఆ అద్దం ఒకప్పటి యజమాని అనుమానంతో భార్యను చంపి, ఆ అద్దం ముందే గొంతు కోసుకున్నాడు. రానురాను ఇతనిలోనూ అదే అనుమానం లేస్తుంది. చివరికి భార్య గొంతుకు గుడ్డ బిగించబోతే ఆమె అద్దాన్ని పగలగొట్టి బయటపడుతుంది. రాబర్ట్ హేమర్ తీసిన భాగం ఇది. సినిమా మొత్తంలో ఇంత పకడ్బందీగా తీసింది మరొకటి లేదని నా అభిప్రాయం.

మా అల్లుడు ఆ అద్దం వల్లే కదా అన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. “అద్దందేముందిరా తప్పు? అనుమానం మొగుడికి అద్దమైతేనేమి, చెంబైతేనేమి! మన ఈదిలో అద్దం లేకుండానే ఎంతమంది సచ్చినారు!”

1945లో ఈ కథలో భయపెట్టింది ఆ రెండో గది. ఇప్పుడు భయపెట్టేది మొదటి గదే. మెల్లమెల్లగా మాట మారి, చూపు మారి, ఎక్కడికి పోయొచ్చావని అడిగే ఆ మనిషిని మనకు తెలుసు. ఏ రోజు వార్తాపత్రిక జిల్లా పేజీ తిప్పినా తెలుస్తుంది. అద్దం పగలగానే అతను మామూలు మనిషైపోయి, ఏమీ జరగనట్టు ఉంటాడు. ఆమె ముఖంలో ఊరట కనిపిస్తుంది. నాకు ఆ ఊరట మీదే నమ్మకం కుదరలేదు.

నాలుగోది గోల్ఫ్ ఆడే ఇద్దరు మిత్రుల హాస్యం. హెచ్.జి. వెల్స్ కథ నుంచి తీసుకున్నారు. దాన్ని అమెరికాలో విడుదల చేసేటప్పుడు క్రిస్మస్ కథతో పాటు తీసేశారట. గోల్ఫ్ పోయినందుకు నాకు బాధ లేదు. పిల్లాడి కథను తీసేయడం మాత్రం క్షమించరాని పని.

ఇక మాట్లాడే బొమ్మ. మైకేల్ రెడ్‌గ్రేవ్ వేసిన మాక్స్‌వెల్ ఫ్రియర్, ఒడిలో కూచోబెట్టుకుని పెదవి కదపకుండా మాట్లాడించే హ్యూగో అనే బొమ్మ. బొమ్మ నోట వచ్చేది తన గొంతే అని అతనికి తెలుసు. అయినా బొమ్మ తనను వదిలేసి ఇంకొక ఆటగాడి దగ్గరికి పోతుందని బెదురు. మాది తోలుబొమ్మల సీమ. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలు మీద రంగులద్ది బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పంచె మీద దీపం వెలుగులో రావణుడు గర్జిస్తే పిల్లలం కేరింతలు కొట్టేవాళ్ళం. భయపడింది లేదు. ఎందుకంటే ఆడించేవాడు తెర వెనక భద్రంగా ఉన్నాడు, తెల్లారేసరికి బొమ్మల్ని మడిచి బుట్టలో పెడతాడు. ఫ్రియర్‌కు ఆ తెర లేదు, ఆ బుట్టా లేదు. పక్కనే కూచుని, నలుగురి ముందు, తన బొమ్మ చేతిలో తానే ఓడిపోతుంటాడు. అప్పటి వాళ్ళు అక్కడ దయ్యాన్ని చూసి ఉంటారు. నేను రోగిని చూశాను. చుట్టూ అంతమంది ఉండి, చేయి పట్టుకుని ఎందుకయ్యా ఇంత దిగులు అని అడిగినవాడు ఒక్కడూ కనబడలేదు.

చివర చెప్పేస్తున్నాను, ఎనభై ఏళ్ళయింది కాబట్టి తప్పు లేదు. కథలన్నీ అయ్యాక క్రెయిగ్ కల పీడకలగా మారి, గొంతు పిసికే దాకా పోతుంది. అప్పుడు ఫోను మోగి మెలకువ వస్తుంది. వారాంతానికి ఒక పల్లెటూరి బంగళాకు రమ్మని పిలుపు. కారెక్కుతాడు. మొదటి దృశ్యం మళ్ళీ మొదలవుతుంది. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హాయిల్, హెర్మన్ బాండి, థామస్ గోల్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ సినిమా చూసి వచ్చాక, విశ్వం కూడా ఇలాగే మొదలూ తుదీ లేకుండా ఉంటే అని గోల్డ్ అన్నాడు. ఆ మాట మీద చర్చించి 1948లో ‘స్థిర స్థితి’ సిద్ధాంతాన్ని ప్రకటించారు. ఆ హాయిల్ దగ్గరే మన జయంత్ నార్లీకర్ పరిశోధన చేశారు. 1965లో ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే సూక్ష్మ తరంగాల సంగతి బయటపడ్డాక ఆ సిద్ధాంతం నిలబడలేదు. సినిమా నిలబడింది.

మన తెలుగు సినిమాకు భూతాల మీద ఎప్పుడూ ప్రేమే గానీ భయం తక్కువ. మా ఊరి మీదుగా పోయే రోడ్డు పట్టుకుని తాడిపత్రి చేరితే అది కె.వి. రెడ్డి గారి గడ్డ. 1951లో ఆయన తీసిన ‘పాతాళభైరవి’లో ఎస్వీ రంగారావు మాంత్రికుణ్ణి చూసి జనం మురిసిపోయారు. 1960లో ‘భట్టి విక్రమార్క’ వచ్చింది. నిజంగా వెన్నులో చలి పుట్టించింది రామ్‌గోపాల్ వర్మ, 1992లో ‘రాత్రి’తో. ఆయనే నిర్మాతగా 2003లో హిందీలో ‘డర్నా మనా హై’ వచ్చింది. అడవిలో కారు చెడి ఆగిపోయిన మిత్రులు, రాత్రి, ఆరు కథలు. అదీ పాతదైపోతోంది ఇప్పుడు. అందులో నానా పటేకర్, వివేక్ ఒబెరాయ్ కారులో పోయే కథ ఒకటుంది, వెతికి చూడండి. నేను చచ్చిపోయినవాణ్ణి అని పక్కసీటు మనిషి మామూలుగా చెబుతాడు. భయమంతా మాటలోనే. ‘డెడ్ ఆఫ్ నైట్’ ఎరిగినవాళ్ళకు ఆ చుట్టరికం తెలిసిపోతుంది.

సినిమా అయ్యాక ప్రొజెక్టర్ ఆపేశాం. నిద్రకు ఎవరూ లేవలేదు. బంగళాలో జరిగిందే మిద్దె మీదా జరిగింది. పక్కింటాయన పొలం గట్టు మీద కనబడే కొరివిదయ్యం గురించి చెప్పాడు. కోడలు హాస్టల్ సంగతి చెప్పింది. చివర పెద్దమ్మ చెరువు వైపు చేయి చూపింది. ముసలమ్మ కథ.

మీకు తెలిసే ఉంటుంది. బుక్కరాయల కాలం నాటి చెరువు. వానలు ముంచెత్తి కట్ట తెగబోయింది. ఆ ఊళ్ళో బసిరెడ్డి అనే ఆయన చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని ఒక వాణి వినిపించింది. పేరు ముసలమ్మే గానీ పడుచు. ఇంట్లోవాళ్ళ దగ్గర సెలవు తీసుకుని గండిలోకి నడిచింది. కట్ట నిలిచింది. సి.పి. బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన అనంతపురం చరిత్రలో ఈ కథ ఉంటే, కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిగా ఉండగా 1899లో దాన్ని ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యం చేశారు. ఆమెకు ఇప్పటికీ మొక్కుతారు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఇక్కడ బోరు ఎండితే భయం, మబ్బు తేలిపోతే భయం. అలాంటి చోట ఊరి పెద్దకథ నీళ్ళు ఎక్కువైన రాత్రిది. వరద వస్తుందని మాత్రమే కాదు, పట్టిన నీళ్ళు పోతాయని భయం. కట్ట తెగితే పైరు లేదు, గడ్డి లేదు, ఏడాది లేదు. ఆ బెదురులో ఊరు ఏం వినడానికైనా సిద్ధంగా ఉంటుంది. వాణిని అందరూ విన్నారు. కాదు, ఇంకో దారి చూద్దాం అని ఒక్కరైనా అన్నారా? రెడ్డిగారి ఇంట్లో ఇంతమంది ఉండగా బయటి నుంచి వచ్చిన చిన్నకోడలి పేరే ఎందుకు వినిపించింది? ఇది మా కోడలు అడిగిన ప్రశ్న. పెద్దమ్మ చాలాసేపు ఆలోచించి అంది: “మేం చిన్నప్పుడు అడగలేదమ్మా. అడగాల్సిందే.”

ముసలమ్మ మీద నా గౌరవం ఆ ప్రశ్న వల్ల తగ్గలేదు, పెరిగింది. ఆమెను పంపిన ఊరి మీద మాత్రం కోపం వచ్చింది. పాత భయాల కథల్లో ఈకాలం వాళ్ళకు దొరికేది ఇదేనని నా గట్టి నమ్మకం. బండి తోలేవాడు, అద్దం, బొమ్మ, వాణి, ఇవన్నీ మసకబారతాయి. వాటి చుట్టూ నిలబడి ఊరుకున్న మనుషులు స్పష్టంగా కనబడతారు.

అందుకని ఒక మనవి. ఈ సినిమాను ఒంటరిగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడకండి. ముందుకు జరపకండి, గంటా నలభై నిమిషాలే. ఇంట్లో ఒక పెద్దావిడను, ఒక కుర్రవాణ్ణి పక్కన కూచోబెట్టుకోండి. కథ కథకూ ఆపి తప్పెవరిదని అడగండి. అయిపోయాక మీ ఊరి కథ ఒకటి చెప్పమనండి. ఆ కథను ఊరి పేరు, చెరువు పేరు, చెప్పినవాళ్ళ పేరుతో సహా ఆ రాత్రే రాసి పెట్టండి. డెబ్బై దాటినవాళ్ళు చెప్పేవి మళ్ళీ అడుగుదాంలే అని వాయిదా వేయదగ్గవి కావు.